ఎడమచేతి తిట్లు చెల్లవు

పూజ్యులైన మావయ్య గారికి,

మీ మేనల్లుడు తల వంచి, వీలైతే నేలకు ఆనించి రాయునది. ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరానికీ, దీని వెనక రాబోయే ఉత్తరాలకీ, నేను పుట్టినందుకూ, పుట్టి చదువుకున్నందుకూ, అన్నిటికీ కలిపి ఒకే క్షమాపణ. విడివిడిగా చెప్పుకునే తీరిక లేదు.

మీకు పక్షవాతం వచ్చి ఏడు వారాలైంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని రోజంతా కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారట. ఫిజియో అమ్మాయి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి గుండీలు వెయ్యమంటే, "నేను దుకాణాలకి బోర్డులు రాసేవాణ్ణి, గుండీలు ఏరేవాణ్ణి కాను" అన్నారట. మాట ముద్దగా వస్తోందని ఫోను ముట్టుకోవడం లేదట. అంతా అత్తయ్య చెప్పింది.

నేను పనిచేసే లైబ్రరీకి వైద్య పత్రికలు వస్తాయి. వాటికి ముద్ర వేసి అరలో పెట్టడం నా ఉద్యోగం, చదవడం నా దురద. స్ట్రోక్ తర్వాత మెదడు కొత్త దారులు వెతుక్కుంటుందట. ఊరికే చెయ్యి ఆడించడం కంటే, మనిషి తనకు కావలసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తే మేలు ఎక్కువట. మీకేమో కావలసిన పనంటూ ఏదీ మిగల్లేదు. కాబట్టి మీరు ఒప్పుకున్న మందుల షాపు బోర్డు పని గుండ్రాల పెయింటరుకి ఇప్పించేశాను. అవును, ఏ అక్షరం రాసినా సున్నాలాగే రాస్తాడని మీరు పేరు పెట్టిన ఆయనకే.

విధేయుడు,
మీ అల్లుడు

తా.క.: మీ పెద్ద బ్రష్షు కూడా తీసుకోమన్నాను. ఆయన దాంతో కిటికీ దుమ్ము దులుపుతున్నాడని విన్నాను. కంగారు పడకండి, బాగా దులుపుతోందట.

* * *

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాస్తున్నది అత్తయ్యని. ఆయన చెబుతున్నారు, నేను రాస్తున్నాను.

నువ్వొక... ఇక్కడ ఆయన ఒక మాట అన్నారు, నేను రాయను. ఆ గుండ్రాలవాడికి నా పని ఇప్పించడానికి నువ్వెవడివిరా... ఇక్కడ రెండు మాటలు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ వీధిలో ఏ బోర్డు చూసినా నా చెయ్యే. అసలు మీ నాన్న... ఇక్కడ మా అన్నయ్యని అన్నారు, అది చచ్చినా రాయను.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఇది నా సొంతం. మొన్నటిదాకా రోజుకి నాలుగు మాటలైనా మాట్లాడని మనిషి పొద్దుటినుంచి నోరు మూయలేదు. మాట కూడా కాస్త తేటగా వస్తోంది. ఇంకేమైనా తప్పు చేశావా నాయనా? చేసుంటే వెంటనే రాయి.

* * *

పూజ్యులైన మావయ్య గారికి,

మీ ఉత్తరం చేరింది, తిట్లు చేరలేదు. అవి ఉండవలసిన చోట ఖాళీలున్నాయి. ఖాళీలకి జవాబివ్వడం నా వల్ల కాదు. అత్తయ్య దయవల్ల మా నాన్న కూడా బతికిపోయాడు. న్యాయంగా తిట్టదలుచుకుంటే సొంత చేత్తో రాయండి.

ఈలోగా ఇంకో క్షమాపణ. షాపాయన బోర్డు గులాబీ రంగులో కావాలంటే సరేనన్నాను. మీ నిచ్చెన కూడా అటే పంపించే ఏర్పాటు చేస్తున్నాను.

బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? తలనొప్పి లేదని మూడు నెలలు మానేశారట. బీపీ తలనొప్పితో కబురు పంపి వచ్చే చుట్టం కాదట మావయ్యా. చాలామందికి అది ఉన్నట్టే తెలియదట.

విధేయుడు,
మీ అల్లుడు

తా.క.: గులాబీ మీద పసుపు అక్షరాలు.

* * *

ఒరేయ్,

గులాబీయా. గాడిద. మాత్ర వేసుకున్నాను.

మావయ్య

తా.క.: నిచ్చెన జోలికి రాకు.

* * *

పూజ్యులైన మావయ్య గారికి,

ఉత్తరం చూసి కళ్లు చెమర్చాయి. తరవాత అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. అక్షరాలన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. ఇది ఎడమచేతి రాత. ఎడమచేతి తిట్లు చెల్లవు. మీ గాడిదని తిప్పి పంపుతున్నాను.

బాగున్న చేతికి రోజూ కొన్ని గంటలు తొడుగు వేసి, బద్ధకించిన చేతికే పని అప్పగించే పద్ధతి ఒకటుందట. అందరికీ పనికిరాదు, ఫిజియో అమ్మాయిని అడిగాకే. మీరు అడగరనుకోండి. గుండీలంటేనే భయపడ్డారు.

విధేయుడు,
మీ అల్లుడు

తా.క.: గుండ్రాలాయన మీ పాత బోర్డులు కూడా ఉచితంగా దిద్దుతానంటున్నాడు. బట్టల కొట్టు బోర్డులో మీ గీతలు మరీ తిన్నగా ఉన్నాయట, చూసేవాళ్లకి భయం వేస్తోందట.

* * *

ఒరేయ్ అల్లుడూ,

ఇది కుడిచెయ్యి. మూడు రోజులుగా రాస్తున్నాను, మధ్యలో పెన్ను తొమ్మిదిసార్లు కింద పడింది. పడ్డప్పుడల్లా నిన్నే తలుచుకున్నాను, ఏమని తలుచుకున్నానో మీ అత్తయ్యని అడుగు.

భయమా నాకు? ఫిజియో అమ్మాయిని అడిగాను. రోజుకి రెండు గంటలు, ఇంట్లో కూర్చుని, అంది. ఎడమచేతికి మీ అత్తయ్య ఊలు మేజోడు తొడిగి కట్టింది. కూర్చోవడం మాత్రం నా వల్ల కాలేదు. గీతలు దిద్దుతాననడం ఏమిట్రా? మేజోడుతోనే లేచి, కర్ర పట్టుకుని, మూడు వీధులు నడిచి గుండ్రాలవాడి ముందు నిలబడ్డాను.

వాడు నా చేతికేసి చూసి, "అయ్యో, కాలిదెందుకు చేతికి?" అన్నాడు.

"నా బ్రష్షు తియ్యి" అన్నాను.

"ఏ బ్రష్షు గురువుగారూ?"

"నాటకాలాడకు. గులాబీ బోర్డు తియ్యి."

వాడు నిజంగా ఏడుపు మొహం పెట్టాడు. కుర్చీ వేశాడు. టీ ఇచ్చాడు, తాగాను, ధన్యవాదాలు చెప్పలేదు. ఇద్దరం కలిసి మందుల షాపుకి వెళ్లాం. మెట్ల కింద తెల్లగా, ఖాళీగా ఉంది నా బోర్డు. "మీకోసమే ఆపాను, నాకెవరూ ఫోను చెయ్యలేదు" అన్నాడు షాపాయన.

అక్కడే నేలమీద బోర్డు పెట్టించి కూర్చున్నాను. 'మందుల' అని రాయడానికి గంటా పదినిమిషాలు. 'మం' బాగుంది. 'దు' వణికింది. 'ల' మోకాళ్ల మీద కూలబడింది. ఇదివరకైతే ఆ మూడూ రెండు నిమిషాలు. రేపు తుడిచి మళ్లీ రాస్తాను. ఎల్లుండి మళ్లీ. ఈ చెయ్యి నాకు తిరిగొస్తుందో లేదో తేలేదాకా ఆ బోర్డు అక్కడే.

ఇప్పుడు నువ్వు చెప్పు. బ్రష్షు నా పెట్టెలోనే ఉంది. చెయ్యని తప్పులకి ఇంత ఆర్భాటంగా క్షమాపణలేమిట్రా? నీకు వినయం ఎప్పుడూ లేదు. అసలేం చేశావు?

మావయ్య

తా.క.: ఈ ఉత్తరంలో తిట్లు రాయడం మర్చిపోయాను. విడిగా పంపుతాను.

* * *

మావయ్యా,

మీ బ్రష్షు ఎవరికీ ఇవ్వలేదు. నిచ్చెన ముట్టుకోలేదు. షాపాయన నంబరే నా దగ్గర లేదు. పాపం, గుండ్రాలాయన్ని నేను చూడనైనా లేదు. మీకు కోపం వస్తే చెయ్యి లేస్తుందని తెలిసి రెచ్చగొట్టాను, అంతే. 'మం' బాగా వచ్చిందని చదివి, లైబ్రరీలో నిశ్శబ్దం పాటించవలెనన్న బోర్డు కిందే గట్టిగా అరిచాను.

ఇట్లు,
అల్లుడు

తా.క.: తాజా కలాల్లో జోకులు రాయడం నా అలవాటు. ఇది జోకు కాదు.

మీరు పడిపోయిన రోజు పొద్దున ఏడుంబావుకి మీరు నాకు ఫోను చేశారు. మీకు ఆ పొద్దున ఏదీ గుర్తులేదని అత్తయ్య అంది, అందుకే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. "అల్లుడూ, బ్రష్షు జారిపోతోందిరా" అన్నారు. మాట ముద్దముద్దగా వచ్చింది. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. నేనూ అలాగే ముద్దగా మాట్లాడాను. ఇంకోసారి అనమని నా గదిలో ఉండే మిత్రుడికి కూడా వినిపించాను. మీరు ఇంకోసారి అన్నారు. మేం పడీపడీ నవ్వి ఫోను పెట్టేశాం. అత్తయ్య బజారునుంచి వచ్చి మిమ్మల్ని నేలమీద చూసేసరికి తొమ్మిదిన్నర. రక్తం గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోగా పడాలి, ఎంత ముందు పడితే అంత మంచిది. మీకు పదకొండింటికి పడింది. గడువులోనే. కానీ నావల్ల పోయిన ఆ రెండుంబావు గంటల్లో మీ చేతిలో ఎంత పోయిందో ఏదో ఒక పత్రికలో ఉంటుందని ఇన్ని వారాలుగా వెతుకుతున్నాను. ఎక్కడా లేదు.

నేను చేసింది ఇదొక్కటే. మీరు పిలిచారు, నేను నవ్వాను.