పారిపోని మనిషి

బాపూ,

రేపు నీ సంవత్సరీకం. నిన్న చూసిన సినిమా సంగతి నీకు చెప్పకపోతే మనసు ఊరుకోదు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ సౌదీలో, మా ఆస్పత్రి క్వార్టర్స్‌లో నాతో పనిచేసే మేరీ అక్క ఒక కొరియా సినిమా పెట్టింది. చేయని హత్య తన మీద పడితే హీరో మేడలు దూకి పరిగెడతాడు. ఎంత బాగా తీశారో.

"తప్పు చెయ్యనోడు పారిపోవడమేంటే?" అంది అక్క.

"మా బాపు ఉర్కనే లేదక్కా. అయినా ఉర్కిండని రాసిన్రు," అన్నాను.

గల్ఫ్ యుద్ధమప్పుడు, నేనిప్పుడున్న ఇదే ఉనైజా ఊళ్లో తోటపనివాళ్లంతా వెళ్లిపోతే, ఖర్జూరపు చెట్లు ఎండుతాయని నువ్వొక్కడివే ఆగావు. నీ వీసా యజమాని, ఆ కఫీల్ మాత్రం అందరితోపాటు నీ మీదా హురూబ్ కేసు పెట్టాడు, పని వదిలి పారిపోయావని. పోలీసులు వచ్చేసరికి నువ్వు చెట్లకు నీళ్లు పెడుతున్నావు.

"పట్టనీకొచ్చినోళ్లకు నేనే తాగ నీళ్లిచ్చిన బిడ్డా," అని, వాళ్లు ఇంటికి పంపేశాక నవ్వేవాడివి. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను.

శుక్రవారం అక్కతో ఆ తోటకు వెళ్తున్నాను. నువ్వు బతికించిన చెట్లను ఫోటో తీసి ఊరికి పంపాలి. అవి ఏ వైపున్నాయో, నీకు రాయడం రాదు కదా, గురువారంలోగా ఆ పైలోకంలో ఎవరిచేతైనా రాయించు.

నీ బిడ్డ