విమానం కింద నిమ్మకాయలు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మన ఓనరుగారి విమానం గన్నవరంలో దిగింది. సెకండ్ హ్యాండుదే అయినా పెద్దది. నీ అంత పొడుగువాడైనా తల వంచకుండా లోపల నడవొచ్చు. పడుకోవడానికి సోఫా కూడా ఉంది.

కొనేముందు ఓనరుగారు నెల రోజులు దాన్ని విప్పించి పరీక్షలు చేయించారు. ఒక చక్రానికి బ్రేకు కాస్త అరిగిందంటే, మార్చేదాకా సంతకం పెట్టలేదు. ఎక్కేది తనే కదా! ఆ కాగితాలన్నీ ఫైలు చేసింది నేనే. నువ్వు పోయాక నామీద జాలిపడి ఇచ్చిన ఉద్యోగం.

నువ్వు నడిపిన ఓనరుగారి లారీ కూడా సెకండ్ హ్యాండుదే. బ్రేకులు సరిగా పట్టడం లేదు, ఆటోనగర్‌లో ఒకసారి చూపిద్దామని నువ్వంటే, "నిమ్మకాయలు తొక్కించాం కదరా, ఏం కాదు, బయల్దేరు" అన్నారు ఓనరుగారు. పక్కనే ఉన్న నేను నోరెత్తలేదు. ఆ సాయంత్రమే చల్లపల్లి దగ్గర మలుపులో లారీ కాలవలోకి దూసుకుపోయింది.

ఇవాళ పూజకి గుమ్మడికాయ, నిమ్మకాయలు వన్ టౌన్‌లో కొని పట్టుకెళ్లాను. విమానం ఇంజనీరు అడ్డుపడ్డాడు.

"ముక్కలు ఇంజన్లోకి పోతే ప్రమాదమండీ. చక్రాల కింద కూడా ఏమీ పెట్టొద్దు."

"మీరెలా చెబితే అలాగేనండీ" అన్నారు ఓనరుగారు, చేతులు కట్టుకుని.

తర్వాత ఆ నిమ్మకాయల సంచి నాకే తిరిగిచ్చారు.

"పారేయకురా. రేపు లారీలకి పనికొస్తాయి."

సరేనండీ అన్నాను, అన్నయ్యా.