వియ్యపురాలితో ఫ్రెంచి సినిమా

బాతెల్

చిరంజీవి ఫణికి అమ్మ దీవెనలు.

నా తిరుగు విమానం టికెట్ ముందుకు మార్చవద్దు. మీ చెల్లెలి అత్తగారూ నేనూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నాము.

బాలింతకు వెల్లుల్లికారం పెట్టాలని ఆవిడ, వాముపొడి చాలని నేను. మా వాదన భరించలేక త్రివేణి శనివారం, "పాపను నేను చూసుకుంటాను, మీరిద్దరూ కాసేపు బయటికెళ్లండమ్మా, ప్లీజ్" అని లైబ్రరీలో వేసే పాత ఫ్రెంచి హాస్యచిత్రానికి పంపింది. మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నాము.

సినిమాలో పెళ్లివిందు. వడ్డించేవాడి కోటు గుండీకి బల్లమీది గుడ్డ చిక్కుకుంది. అతను దర్జాగా నడిచిపోతుంటే పళ్లేలన్నీ వెంట నడిచాయి. సూపు గిన్నె పెళ్లికొడుకు తల్లి ఒళ్లో పడింది. ఆవిడ చలించకుండా చెంచా తీసుకుని ఒళ్లోంచే తాగసాగింది. నేను పెద్దగా నవ్వేశాను. వెంటనే గుర్తొచ్చింది. త్రివేణి పెళ్లిలో మనవాళ్లు సాంబారు ఒలకబోసింది ఈవిడ పట్టుచీర మీదే కదా! భయపడుతూ చూస్తే, ఆవిడ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటున్నారు.

"మీవాళ్లు నాకు ఆ రోజు చెంచా అయినా ఇచ్చారు కాదు, వదినగారూ!" అన్నారు.

ఖాళీ కుర్చీలోకి జరిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నిన్నటినుంచి మొదటి ముద్ద వాముపొడితో, రెండో ముద్ద వెల్లుల్లికారంతో పెడుతున్నాము. త్రివేణి కడుపునిండా తింటోంది.

నాన్నగారికి రాత్రి చపాతీలే పెట్టండి, స్వీట్లు వద్దు. పిల్లల లెక్కల మార్కులు ఉన్నవి ఉన్నట్లు రాయి. కోడలికి, పిల్లలకు ఆశీస్సులు. వదినగారు అందరినీ అడిగినట్లు రాయమన్నారు. పక్కనే కూర్చుని ఇదంతా చదువుతున్నారు కనుక ఇంతటితో ఆపుతున్నాను.

అమ్మ