నరసింహులు చివరి పెట్టె

1955. కార్తీకం, సోమవారం
ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సు. ఆదోనిలో ఖాదర్ సాబు హార్మోనియం అంగడి. నా కొడుకు నరసింహులు ఆరేళ్లు పని చేసిన పీట మీదే నన్ను కూర్చోబెట్టాడు. వాడు పోయి రెండు నెలలు. "ఇంట్లో గోడలు చూస్తా ఎన్నాళ్లుంటావమ్మా... ఈడికి రా. పని నేర్పిస్తా" అని సాబే పిలిచాడు. వాడి నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీదే ఇది రాస్తున్నాను.

గురువారం
తుడవడమే పని. హార్మోనియం మెట్లు నొక్కకూడదు. సాబు వాయిస్తుంటే వినాలి, అంతే.

బుధవారం
తుడవడం.

మార్గశిరం, శనివారం
పాత రీడు ఒకటి చేతికిచ్చాడు. వేలెడు ఇత్తడి రేకు, పెట్టెలో స్వరం పలికేది ఇదే. కొస దగ్గర గీకితే స్వరం పైకి, మొదలు దగ్గర గీకితే కిందికి. ఆకురాయితో గట్టిగా రుద్దేశాను. "దోసె పెనమా అమ్మా అది, అట్ల తోముతాండావు?" నవ్వు వచ్చింది... వాడు పోయాక మొదటిసారి. బస్సులో ఏడుపు ఆగలేదు.

పుష్యం, మంగళవారం
రెండు హార్మోనియం పెట్టెలు వాయించి, ఏది తప్పు అన్నాడు. కళ్లు మూసుకున్నాను. రెండోదాంట్లో ఒక స్వరం తేడా — పక్కింటి మగ్గంలో పోగు తెగితే తెలిసినట్టే తెలిసింది. సాబు లోపలికి కేకేశాడు. "ఏమే, ఈయమ్మకు టీ పొయ్యి. చెవి వచ్చింది."

మాఘం, శుక్రవారం
పై అరలో వాడి పెట్టె. జ్వరంతో కూర్చుని చేసిన ఆఖరు పని. ఇన్నాళ్లూ తుడిచానే గానీ వాయించలేదు. ఈ రోజు వాయించాను. పంచమ స్వరం కిందికి పలికింది.
మళ్లీ నొక్కాను. కిందికే.
నాకు చెవి రాకుండా ఉంటే బాగుండేది.

శనివారం
సాబును అడిగాను. తలెత్తలేదు. "ఆ పొద్దే విన్యానమ్మా. ఇంకో నాలుగు గీతలు గీకింటే సరిపోయేది. ఒళ్లు కాలిపోతాంది, ఇంటికి పోరా అంటే అట్లే లేసి పోయినాడు... నీకెట్ల సెప్పేది?"
అందుకే ఆ పెట్టె ఎవరికీ ఇవ్వలేదు ఆయన.

సోమవారం
హాలహర్వి ఊరి భజన పెద్ద వచ్చాడు, శివరాత్రికి పెట్టె కావాలని. "మీ పిల్లోడు మాకోసరం చేసిందే ఇయ్యి సాబూ. దాంతోనే పాడాల మేము." సాబు బుధవారం రమ్మన్నాడు. ఆయన పోయాక ఆకురాయి నా ముందు పెట్టాడు. "నేను ముట్టుకోనమ్మా. గీకితే నువ్వే గీకల్ల. వద్దంటే వాళ్లకు ఏరే పెట్టె ఇస్తా. ఏమీ అనుకోను."

మంగళవారం
పంచమం రీడు బయటికి తీశాను. పక్క రీడ్ల మీద వాడి గీతలు సన్నగా, ఒకే తీరుగా. దీని కొస మీద మాత్రం వంకర. చెయ్యి వణికినట్టుంది. సరిచేయాలంటే ఆ వంకర గీతల మీదే గీకాలి... అవి పోతాయి. వదిలేస్తే హాలహర్విలో అందరి ముందు వాడి పని తప్పుగా పలుకుతుంది.

బుధవారం
సాబు అంగడి తెరిచి లోపలికి వెళ్లాడు. నన్ను ఒక్కదాన్నే వదిలాడు. భజన పెద్ద వచ్చే వేళ.
ఆకురాయి కొస మీద ఆనించాను. చెయ్యి వణికింది. తీసేసి ఇది రాస్తున్నాను. ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని గీకి చూడాలి... వాడూ ఇట్లాగే పట్టుకున్నాడో ఏమో.