తగ్గని పేజీలు

సెప్టెంబర్ 6, బ్ర్నో

డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కాఫీ పోస్తూ సెక్రటరీ ద్రహొమీరా గారు మళ్ళీ అడిగింది, ఇంతకీ నువ్వు చేసేదేంటే బొహ్దానా అని. చెప్పాను. కంప్యూటర్‌లో మెమరీ నిండిపోతే వాడని పేజీలను, అంటే మెమరీ ముక్కలను, డిస్కుకు తోసేస్తారు, తిరిగి తెచ్చుకోవడం ఆలస్యం. అలా తోసేయకుండా అక్కడే నొక్కి చిన్నవి చేసి ఉంచితే? అదే నా పీహెచ్‌డీ. ఓస్, నేను బీరువా సర్దేది అలాగేగా అంది.

ఆ మాత్రం కూడా నాది కాదు. ఎనిమిదేళ్ళ క్రితం ఒతాకర్ అనే అతను రాసి కర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రాసేవాళ్ళ మెయిలింగ్ లిస్టుకు పంపిన కోడ్. వద్దన్నారు. అతను మళ్ళీ ఆ వైపు రాలేదు. వద్దన్నది మా గైడు రదొమీర్ గారే. ఇప్పుడు దాని మీదే కట్టమంటున్నదీ ఆయనే.

సెప్టెంబర్ 9

ఒతాకర్ కోడ్ చదువుతుంటే ముచ్చటేస్తోంది. ఒక్కటే మింగుడు పడలేదు. పేజీని నొక్కే ముందు ఓ మూల కాస్త నొక్కి చూస్తాడు. తగ్గే రకం కాదనిపిస్తే దాని జోలికి పోడు. ఈ చూడటానికి టైం దండగ. రదొమీర్ గారికి అప్పట్లో ఒళ్ళు మండింది దీనికే. పని చెయ్యమంటే పనికి కాపలావాణ్ణి పెట్టాడు అని లిస్టులో అందరి ముందూ రాశారు, ఇప్పటికీ ఉంది. ఇవాళా అదే మాట. అదొక్కటీ పీకెయ్ అమ్మాయ్, మిగతాదంతా బంగారం అన్నారు.

పీకేశాను.

సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 3

పరుగే పరుగు! ల్యాబ్ టెస్టులో మెమరీ పిడికెడైపోయింది. రదొమీర్ గారు క్యాంటీన్‌లో స్వీచ్కొవా, అదే క్రీం సాస్‌లో మాంసం, పెట్టించారు. అక్టోబర్‌లో థీసిస్ ఇచ్చేద్దాం అన్నారు. నాకు గాల్లో ఉన్నట్టుంది.

సెప్టెంబర్ 17

గొప్పకు పోయి ద్రహొమీరా గారి పాత లాప్‌టాప్‌లో ఎక్కించాను. అందులో ఆవిడ కుక్క ఫొటోలే వేలకొద్దీ ఉన్నాయి. అవి తెరిచేసరికి బిగుసుకుపోయింది. మౌస్ కూడా కదల్లేదు. వేగం పెంచుతానన్నావు, పెంచావు తల్లీ, నేరుగా శ్మశానానికే అంది.

సెప్టెంబర్ 18

దొరికింది. ఫొటోలు ఎంత నొక్కినా తగ్గవు. నా కోడ్ వాటినే నొక్కుతూ, వదులుతూ, మళ్ళీ నొక్కుతూ చచ్చింది. మరి ల్యాబ్‌లో ఎలా పరిగెత్తింది? టెస్టు ప్రోగ్రాం తెరిచి చూశాను. మెమరీని నింపేది సున్నాలతో. అన్నీ సున్నాలే, ఎంత నొక్కితే అంత తగ్గేవి. రదొమీర్ గారు ఎప్పుడో రాసిన ప్రోగ్రాం, అందరం కళ్ళు మూసుకుని వాడుతున్నాం. ఒతాకర్‌ను కొలిచిందీ దీంతోనే, తగ్గని పేజీలే లేనిచోట కాపలావాడు దండగే మరి.

కాపలావాణ్ణి తిరిగి పెట్టాను. లాప్‌టాప్ హాయిగా నడిచింది. నా అద్భుతం మాత్రం ఓ మోస్తరు లాభానికి దిగింది. ఇది చెబితే అక్టోబర్ గోవిందా. పైగా గైడు ముఖం మీదే మీరు తప్పు అనాలి. చెప్పకపోతే డాక్టర్ బొహ్దానా.

సెప్టెంబర్ 19

ఎవరికీ ఏమీ చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

సెప్టెంబర్ 28, సెలవు

ఒతాకర్ ఉండే ఊరికి, మికులొవ్‌కి బస్సెక్కాను. అతని పేరుతో కోడ్ పంపాలంటే అతని ఒప్పుదల ఉండాలి, మాలో అది రివాజు. ఒతాకర్ ఇప్పుడు ద్రాక్షతోట చూసుకుంటున్నాడు. బుర్చాక్, ఇంకా పులుస్తున్న కొత్త ద్రాక్షరసం, పోసి, నెమ్మదిగా తాగండి, తియ్యగా ఉంటుందిగానీ తల తిప్పుతుంది అన్నాడు. జరిగింది చెప్పాను. సున్నాలా అని పడీ పడీ నవ్వాడు. ఖాళీ సంచులు మడతపెట్టి, భలే సర్దామనుకున్నారన్నమాట అన్నాడు.

నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పుడే ఎందుకు ఎదురు చెప్పలేదని అడిగాను. అంత పెద్దాయన అన్నాక తప్పు నాదే అనుకున్నాను, ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను అన్నాడు. నా గ్లాసు కింద పెట్టేశాను. ఇక తాగబుద్ధి కాలేదు.

పేరు పెట్టుకుంటే పెట్టుకోండి, ఆ లిస్టు మాత్రం నేను చూడను అన్నాడు బస్టాప్ దగ్గర.

అక్టోబర్ 1

చెప్పేశాను. రదొమీర్ గారు ఆ లాప్‌టాప్ తెప్పించుకుని రెండు రకాలుగానూ నడిపి చూశారు. థీసిస్ వసంతానికి పోతుంది, తెలుసుగా అన్నారు. తెలుసన్నాను. కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు. కాఫీ అలాగే ఉండిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

అక్టోబర్ 3

ఒతాకర్ పేరు ముందు, నాది తర్వాత పెట్టి కోడ్ పంపాను. గంటలో లిస్టులో రదొమీర్ గారి మెయిల్. కొత్త కోడ్‌కు కాదు, ఎనిమిదేళ్ళనాటి తన మాటల కిందే జవాబు రాశారు. నేను కొలిచింది సున్నాలను, ఒతాకర్ కోడ్ సరైనదే, తప్పు నాది అని. మధ్యాహ్నం ఎదురుపడితే, టెస్టు ప్రోగ్రాం ఎప్పుడు మారుస్తావు అని కసిరారు. ఆయన మీద ఇంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

అక్టోబర్ 8

లిస్టులో ఒతాకర్.

పలకరింపు లేదు, థాంక్స్ లేదు. కాపలావాడు బాగానే ఉన్నాడట, ముప్పై ఏడో లైను తప్పట.

తప్పే. దిద్దుతున్నాను.