తిరిగి చూడని ఊరు

అమ్మమ్మ ఇంటి నుంచి,
మే నెల

ఒసే కౌముదీ,

ఇది చూడగానే "దీనికి పిచ్చెక్కిందా, ఈ రోజుల్లో ఉత్తరమేంటి" అంటావు. మరి ఫోను తెర చూస్తే నీ తల పగిలిపోతుంది కదా, ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు కదా, ఇంకేం చెయ్యను? పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కిటికీ దగ్గరికి వేసుకుని కొంచెం కొంచెంగా చదువుకో. మీ నాన్నగారి చేత మాత్రం చదివించుకోకు. ఇది నీ ఒక్కదానికే.

పరీక్షల ఆఖరి రోజు కాలేజీ మెట్ల మీద తల పట్టుకుని కూర్చుండిపోయావు, గుర్తుందా? నేను నీ నుదురు నొక్కాను. కాసేపటికి "తగ్గిపోయిందే!" అని లేచి, నాతో రాజాం బస్టాండు దాకా నడిచొచ్చి పునుగులు తిన్నావు. మర్నాటికి నీ తలనొప్పి మళ్ళీ నీకొచ్చేసింది. నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ సాయంత్రం నా కుడిచెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు మండిపోయింది. అన్నం కలుపుకోలేకపోయాను. అమ్మ నా చెయ్యి తిప్పి చూసి, "దిగిపోనాది, నీకూ దిగిపోనాది" అంటూ నేల మీద కూలబడింది. తెల్లారి బస్సెక్కించి ఇక్కడికి, శ్రీముఖలింగం దగ్గరున్న అమ్మమ్మ ఊరికి, పంపేసింది.

మా అమ్మమ్మ జగ్గమ్మ నొప్పి దించుతుంది. నవ్వకు. ఎడమ గుప్పిట్లో ధాన్యం పట్టుకుని, కుడిచెయ్యి నొప్పి ఉన్నచోట వేస్తుంది. నొప్పి ఆవిడలోకి ఎక్కి, ఆవిడలోంచి గింజల్లోకి దిగుతుంది. ఆ గింజల్ని వంశధారలో వదిలేస్తే ఇంక తిరిగి రాదు. అమ్మమ్మకి అమ్మమ్మ అయిన మా తాతమ్మకీ ఉండేదట. నాది ముసలమ్మ పేరని నన్ను ఏడిపించేదానివే, ఆ ధనలక్ష్మి ఆవిడే. తల్లి నుంచి కూతురికి రాదు, మనవరాలికి వస్తుంది. మెట్ల మీద నా చేతిలో గింజలు లేవు, అందుకే నీది నీకు తిరిగొచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది కదా. నొప్పి తీయించుకున్నవాళ్ళు, తీసిన మనిషి మొహం ఇక జన్మలో చూడకూడదు. లేచి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోవాలి. చూశారా, దిగింది మళ్ళీ ఎక్కేస్తుంది. ఇది మా తాతమ్మ కాలం నుంచీ ఉన్న కట్టుబాటు.

ఈ ఊళ్ళో అమ్మమ్మ చెయ్యి పడని మనిషి లేడే. అందుకని ఆవిడని చూసే మనిషి కూడా లేడు. ఆవిడ వీధిలోకొస్తే ఆడవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడతారు, మగవాళ్ళు తువ్వాలు మొహం మీదికి లాక్కుంటారు. కొట్టు సోములు అటు తిరిగి, చెయ్యి వెనక్కి చాపి, ఉప్పు పొట్లం ఇస్తాడు. అందరికీ ఆవిడంటే గౌరవమే. కోతలప్పుడు బస్తాలు తెచ్చి అరుగు మీద పెడతారు, పెట్టి పరిగెడతారు. చిన్న పిల్లలొక్కళ్ళే వచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చుంటారు. ఎవడికో ఒకడికి చెవిపోటు వస్తుంది, తీస్తుంది, ఆ రోజుతో వాడూ పోతాడు. మొన్న ఒక చిన్నది అలాగే వెళ్ళిపోయింది. అమ్మమ్మ నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాలుస్తూ, "పోన్లే, సల్లగుంటాది" అంది. పొగ నా కళ్ళలోకి వచ్చిందని చెప్పి లేచి అవతలికి పోయాను.

మా అమ్మ సంగతి ఇన్నాళ్ళూ నాకే తెలీదు. చిన్నప్పుడు అమ్మకి కడుపునొప్పి వచ్చి మెలికలు తిరిగిపోయేదట. అమ్మమ్మ చూసి చూసి, ఆఖరికి తన కూతురికి తనే చెయ్యి వేసింది. ఆ రోజే అమ్మని రాజాంలో వాళ్ళ పెదమావ ఇంటికి పంపేశారు. అమ్మ ఇక్కడికి ఎప్పుడొచ్చినా గోడవైపు తిరిగి కూర్చుని మాట్లాడేది. నా చిన్నతనంలో అది వాళ్ళ అలవాటనుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. అమ్మమ్మ నాకు నేర్పేసింది. నీ తలనొప్పి నేను తియ్యగలను. నువ్వు వయొలిన్ ముట్టుకుని రెండేళ్ళు దాటింది. నీ తల కోసం మీ నాన్న మోహనకృష్ణ గారు ఇంట్లో వయొలిన్ పాఠాలు మానేసి, పిల్లల్ని కోవెల మండపంలో కూర్చోబెట్టి చెప్పుకుంటున్నారు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారే? అయినా తీస్తాను. వచ్చే ఆదివారం నాన్నగారితో రా.

నీ
ధనం

*

అక్కడి నుంచే,
వానలు పడ్డాక

కౌముదీ,

రాయడం చూడడం కాదని అమ్మమ్మని అడిగి, మాట తీసుకుని మరీ రాస్తున్నాను. జవాబు ఇవ్వకపోయినా పరవాలేదు.

ఆ రోజు నువ్వు వద్దు వద్దంటూనే వచ్చావు. ఏటి ఒడ్డున పీట మీద నీళ్ళవైపు మొహం పెట్టి కూర్చుని, "నాకు నయం కావద్దే, నన్నొదిలెయ్యి" అన్నావు. మీ నాన్నగారు దూరంగా జీడిచెట్టు కింద నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన్ని చూసి గుండె రాయి చేసుకుని వెనకనుంచి నీ తల మీద చెయ్యి వేశాను. ఓలమ్మో, అదేం నొప్పే! రెండేళ్ళు అది తలలో పెట్టుకుని నాతో జోకులెలా వేశావే? గింజలు నీళ్ళలో వదిలేసరికి నా కళ్ళు బైర్లు కమ్మాయి. నువ్వు లేచిన చప్పుడు విన్నాను. ఇసకలో నీ అడుగుల చప్పుడు విన్నాను. తలెత్తి నీ వీపునైనా చూసుకుందామనుకున్నాను, చేతకాలేదు. నేను తలెత్తేసరికి ఆటో వెళ్ళిపోయింది.

నీ తల తేలికైపోయిందని, వయొలిన్ తీశావని మీ నాన్నగారు అమ్మకి చెప్పారట. అమ్మ ఫోన్లో చెబితే ఎగిరి గంతేశాను. తర్వాత పెరట్లోకి పోయి ఏడ్చాను. రెండూ నిజమే, ఏదీ దాచను.

ఇప్పుడు నా దగ్గరికీ వస్తున్నారు. అమ్మమ్మకి చెయ్యి వణుకుతోందని, "కొత్త గుంట సెయ్యి సలవగున్నాది" అని నన్నడుగుతున్నారు. పక్కింటి ధర్మేంద్ర నాతో రోజూ వాలీబాల్ ఆడేవాడు. మోకాలు పట్టేసింది, తీశాను. ఇప్పుడు నన్ను చూస్తే తడిక చాటుకి పోతాడు. నేను ఎవరికైనా మంచి చేస్తే ఒక మనిషి తగ్గిపోతాడు. ఎప్పుడో ఒకప్పుడు ఊరంతా అయిపోతుంది. అప్పుడు నేనూ అమ్మమ్మలా చుట్ట నేర్చుకోవాలి కాబోలు.

డిగ్రీకి ఎచ్చెర్లలో ఇద్దరం ఒకే గది తీసుకుందామనుకున్నాం. నువ్వెళ్ళు. నేను అటు రాను. ఏ మెట్ల మీదో ఎదురుపడితే నీ గతేం కాను?

ధనం

*

రాజాం,
శ్రావణ మాసం

ధనం,

నిన్ను తిట్టడానికి ఇన్నాళ్ళు ఆగాను. ఎందుకు ఆగానో చదివాక నువ్వే తిడతావు.

ఆ రోజు గట్టెక్కి వెనక్కి తిరిగాను.

పొరపాటున కాదు, కాలు జారీ కాదు. తిరగాలనే తిరిగాను. నాన్న ఆటో దగ్గర ఉన్నారు, చూడలేదు. నువ్వు నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని, తల మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నావు. చెయ్యి నీళ్ళలో ఉంది. జడ చివర నీళ్ళలో తడుస్తోంది, నీకు తెలీలేదు. పక్కకి వాలినప్పుడు నీ మొహం కనబడింది. ఎంతసేపు చూశానో తెలీదు. పిలుద్దామనుకున్నాను. పిలిస్తే నువ్వు బెదిరిపోతావని ఊరుకున్నాను.

నొప్పి వస్తే రానీ అనుకున్నాను, నిజం. తలనొప్పితో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, అలాగే బతికాను. నువ్వు లేకుండా ఎలా ఉంటుందో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఆటోలో కళ్ళు మూసుకుని, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కూర్చున్నాను. పాలకొండ దాటింది, రాలేదు. ఇల్లు చేరాం, రాలేదు. ఆ రాత్రి నాన్న వయొలిన్ తీసి వరవీణా గీతం వాయిస్తే పక్కన కూర్చుని విన్నాను.

అయినా నమ్మలేదు. వెంటనే రాసేసి, మర్నాడు తలనొప్పి వస్తే నువ్వు నీ చేతినే తిట్టుకుంటావు. అందుకే పరీక్ష పెట్టాను. ఎండలో నడిచాను. బిగ్గరగా వాయించాను. ఫోన్లో మన ఫొటోలు పెట్టుకుని నీ మొహం మళ్ళీ మళ్ళీ చూశాను. ఏమీ లేదే. ఏమీ కాలేదు.

ఆ కట్టుబాటు ఉత్తిదే ధనం. లేదా ఎప్పుడో నిజమై ఉండి, ఇప్పుడు కాదు. ఎవరూ తిరిగి చూసి ఉండరు, అందుకే ఎవరికీ తెలీలేదు.

ఎచ్చెర్లలో గది ఇద్దరికని చెప్పేశాను. రానంటే జుట్టు పట్టుకుని లాక్కొస్తాను.

నీ
కౌముది

*

అమ్మమ్మ ఇంట్లోనే,
ఆదివారం సాయంత్రం

దొంగముండా కౌముదీ,

అంత నొప్పి నేను తీస్తే దాన్ని పందెం వేసి ఆడతావా? వస్తే ఏమయ్యేదే? నీ ఉత్తరం చదివి ముందు తిట్టాను, తర్వాత గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. చాలా రోజులకి బాగా నిద్ర పట్టింది.

పొద్దున్నే అమ్మమ్మకి చెప్పాను. చేటలో ఉలవలు చెరుగుతోంది. ఎగిరిపడుతుందనుకున్నాను. చేట ఆపనైనా ఆపలేదు.

"నాకు తెలుసే" అంది.

ఎప్పుడో ఒక పిల్లాడు పంటినొప్పి తీయించుకుని వెళ్తూ వెళ్తూ, బెల్లం ముక్క అడగడానికి గబుక్కున తిరిగి మొహంలో మొహం పెట్టి చూశాడట. వాడికేమీ కాలేదట. వాడి తల్లి మాత్రం రెక్క పట్టి లాక్కుపోయిందట.

"మరెందుకు చెప్పలేదు అమ్మమ్మా? ఊరంతా నిన్ను చూసేవాళ్ళు కదా! అమ్మ నీ దగ్గరే పెరిగేది కదా!"

చేట కింద పెట్టింది. "సెప్పొచ్చే. సెప్పీసినాక కూడా ఎవులూ సూడకపోతే? ఇప్పుడైతే బయపడి సూడట్లేదనుకుంటాను. మీ యమ్మా అంతే అనుకుంటాను. అది తెలిసీ సూడకపోతే, నానేటైపోవాలి సెప్పు?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అమ్మకి చెప్పొద్దని ఒట్టేయించుకోబోయింది. నేను చెయ్యి ఇవ్వలేదు. పెరట్లోకి వచ్చి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"నాకూ తెలుసే" అంది అమ్మ.

నేను పుట్టినప్పుడు అమ్మమ్మ నన్ను చూడ్డానికి వచ్చిందట. అమ్మ నిద్ర నటించిందట. అమ్మమ్మ నన్నెత్తుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంటే, కళ్ళు కొంచెం తెరిచి చూసిందట. ఏమీ కాలేదట.

"మరి చెప్పొచ్చు కదా అమ్మా!"

"మర్నాడు సెప్దామనుకున్నాను. సెప్తే, 'మరిన్నాల్లూ ఎందుకు సూడలేదే' అంటాదేటోనని బయమేసినాది. ఏడాది పోయేకాడికి ఆ బయం ఇంకా పెరిగిపోనాది. ఏ మొగం పెట్టుకుని తిరగను?"

చూశావా, ఇద్దరికీ తెలుసు! ఇన్నేళ్ళు ఒకే గదిలో ఒకళ్ళు గోడవైపు, ఒకళ్ళు వీధివైపు తిరిగి కూర్చుని బియ్యం ధర, వానలు మాట్లాడుకున్నారు. నాకు ఇద్దర్నీ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. "నువ్వు ఈ రోజే రా, రాకపోతే నేను నీతో మాట్లాడను" అని పెట్టేశాను.

మధ్యాహ్నం బస్సుకి అమ్మ వచ్చింది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి "అమ్మా" అంది. అమ్మమ్మ మంచం మీద ఉంది. గబుక్కున కొంగు లాగి మొహమంతా కప్పేసుకుంది.

"తియ్యే" అంది అమ్మ.

"తియ్యను."

"నాను సూసీసినానే అమ్మా. ఎప్పుడో సూసీసినాను. నాకేటీ అవలేదు."

కొంగు లోపల్నుంచి అమ్మమ్మ గొంతు వినబడింది. "అప్పుడు బాగున్నానే. ఇప్పుడు పల్లూడిపోనాయి, ముసిల్దాన్నయిపోనాను. ఇప్పుడు సూడకే."

అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అమ్మ ఆ కొంగు లాగలేదు కౌముదీ. మంచం ఎదురుగా నేల మీద చతికిలబడి, "నాకేటీ తొందర్లేదు. నీకెప్పుడు తియ్యాలనిపిస్తే అప్పుడే తియ్యి" అంది.

నేను అరుగు మీదికొచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను. పొద్దు వాలుతోంది. ఇందాక ఒకసారి తొంగి చూశాను. అమ్మమ్మ ఇంకా కొంగు తియ్యలేదు. అమ్మ ఇంకా అటే చూస్తోంది.

ధనం