కింది గల్లీ పిల్లలు

ఫిల్మ్ నగర్,
12-8-2003

ప్రేమగల అమ్మకు,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని తిట్టుకోకు. షూటింగులకు వెళ్లే తల్లుల కోసం నువ్వు తెల్లారకముందే పిల్లల కేంద్రం తెరుస్తావు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నిద్రపోతావు. అయినా అబద్ధమెందుకు, ఈ మాట నీ ముఖం చూసి చెప్పలేను. అందుకే నీ టిఫిన్ డబ్బాలో పెడుతున్నాను.

నీ కేంద్రం దండగని నా రిపోర్టు చెబుతోందమ్మా. సర్కారు దాన్ని పై గల్లీకి ఇచ్చి, కింది గల్లీకి ఇవ్వకుండా, రెండింటినీ ఏడాది పోల్చి చూడమంది. మేలు కనిపిస్తే అన్ని బస్తీల్లో పెడతారు, లేకపోతే ఇదీ మూసేస్తారు. పై గల్లీ ఆడవాళ్లు నెలకు ఆరు రోజులు ఎక్కువ పనికి వెళ్లారని చూసి సంబరపడ్డాను. తీరా చూస్తే కేంద్రం లేని కింది గల్లీలోనూ అవే ఆరు రోజులు పెరిగాయి. అంటే ఊళ్లో షూటింగులు పెరిగాయంతే, నీ కేంద్రం వల్ల ఒరిగిందేమీ లేదని లెక్క. మూడుసార్లు చేశాను. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్‌కు పోతే నేను ఈ లెక్కల ఉద్యోగమే ఎందుకు పట్టుకున్నానో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు జూనియర్ ఆర్టిస్టుగా ఉన్న రోజుల్లో నన్ను లోపల పెట్టి తాళం వేసి వెళ్లేదానివి. కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. ఇంకో పిల్ల అలా ఏడవకూడదనుకున్నాను. శుక్రవారం రిపోర్టు మీద సంతకం పెట్టాలి. నన్ను క్షమించు.

నీ
అరుణజ్యోతి


బిడ్డా జ్యోతీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఏడ్చిన గూడ. నీకు దాచిన ముచ్చట ఒకటుంది. కింది గల్లీ పిల్లలు పదకొండు మంది ఏడాది సంది నా దగ్గరనే ఉంటున్నరు. పై గల్లీ పిల్లల పేర్లే రాయమన్నవు గదా, అందుకే రిజిస్టర్ల రాయలె. నీ నౌకరీకి ఏమైతదోనని చెప్పలె. మొదటి రోజే కింది గల్లీ హనుమంతు పెండ్లాం పిల్లనెత్తుకొని గేటు కాడ నిలబడ్డది. "అక్కా, నువ్వు వద్దంటె తాళమేసి పోవాలె" అన్నది. ఆ మాట ఇన్నంక ఎట్ల వాపస్ పంపుత? నిన్ను తాళమేసిన దినాలు నేను మర్సిననుకున్నవా?

ఆ పిల్లల తల్లులు గూడ పనికి పోయిన్రు, గందుకే రెండు గల్లీలల్ల పని దినాలు ఒక్కతీరు పెరిగినయ్. నీ లెక్క ఖరాబ్ చేసింది నేనే. జర ఆగు, సంతకం పెట్టకు. రహమత్ నగర్ల గూడ మనసొంటి జూనియర్ ఆర్టిస్టులే ఉన్నరు. గంత దూరం నుంచి నా దగ్గరికి ఎవ్వరు రాలె. ఎన్ని దినాలు పనికి పోయిన్రో గాడ అడుగు.

డబ్బాల సర్వపిండి పెట్టిన, తిని పో. రహమత్ నగర్ పోయినంక తలుపులు చూసుకుంట నడువు. ఎన్నింటికి బయట తాళముండి లోపల పిల్ల ఏడుపు ఇనిపిస్తదో, గది గూడ రాస్కో.

నీ అమ్మ
కొమురమ్మ